గౌరి కోటుకు వేసిన జరీ అతుకు

2013లో విజయనగరంలో జరిగిన జూనియర్ ఫెన్సింగ్ ఎంపిక పోటీలకు నన్ను పరికరాల తనిఖీ బాధ్యుడిగా వేశారు. అప్పటికి నేను పదకొండేళ్లుగా కోచ్‌ని. ఆ తర్వాత కొన్నేళ్లకు మోకాళ్లు అరిగి ముందుగానే ఉద్యోగం విరమించాను. ఆనాటి తనిఖీ రిజిస్టర్‌లో నా చేతిరాతతో ఒక అబద్ధం ఉంది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఫాయిల్ అనే సన్నకత్తి పోటీలో ఆటగాళ్లు తెల్లకోటు మీద లోహపు దారాలతో నేసిన చేతుల్లేని కోటు తొడుక్కుంటారు. దాన్ని లామె అంటాం. కత్తిమొన దానికి తగిలితే రంగు దీపం వెలిగి, పాయింటు లెక్కకు వస్తుంది. చెమట ఉప్పుకు ఆ దారాలు నల్లబడి తెగిపోతాయి. అక్కడ పొడిచినా రంగు దీపం వెలగదు, ఎదుటివాడు నష్టపోతాడు. అందుకే మీటరు తీగ ఒకటి కోటు వీపున తగిలించి, అర కిలో బరువున్న గుండ్రటి మొనను బట్టంతా జరుపుతాం. కరెంటుకు తగిలే అడ్డు ఎక్కడా అయిదు ఓములు దాటకూడదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన గౌరి డిగ్రీ చదువుతోంది. ఆ ఏడు దాటితే జూనియర్ వయసు దాటిపోతుంది, రాష్ట్ర జట్టుకు ఆడే ఆఖరి అవకాశం అదే. ఆమె బల్ల మీద పెట్టిన లామెకు కుడి డొక్క దగ్గర జానెడు మేర పట్టుచీర అంచు కుట్టి ఉంది. జరీ మీద మామిడి పిందెలు కూడా కనిపిస్తున్నాయి.

"పోటీకొచ్చావా, పెళ్లికొచ్చావా?" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు.

"మా మావయ్య కుట్టాడు సార్. మీటరెట్టి సూసాడు, బాగున్నాది," అంది.

నేను మీటరు ముట్టుకోలేదు. రిజిస్టర్‌లో "కరెంటు పారడం లేదు, తిరస్కరణ" అని రాశాను. ఆమె ఎవరిదో రెండు సైజుల పెద్ద కోటు అడిగి తెచ్చుకుంది. ముందుకు దూకినప్పుడల్లా అది భుజం మీంచి జారింది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది.

తిరస్కరించిన సామాను పోటీలు ముగిసేదాకా తనిఖీ బల్ల దగ్గరే ఉండాలి. గౌరి తన కోటు తీసుకోకుండానే వెళ్లిపోయింది. మరుసటి వారం శ్రీకాకుళంలో పనిపడి, దాన్ని ఇచ్చేద్దామని అరసవల్లిలో ఆమె ఉండే మేనమామ సూరప్పడి ఇంటికి వెళ్లాను. అతను దర్జీ, ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను.

"రండి బాబూ. మేమే పెళ్లికి పిలుద్దాఁవనుకున్నాం, మీరే వచ్చీసారు," అన్నాడు నవ్వకుండా.

పోటీ కోటుకు చీర ముక్కలు కుట్టకూడదని చెప్పబోయాను.

"కొలిసి సూడండి. ఆనక తిట్టండి."

అతని మీటరు మీద నమ్మకం లేనట్టు నా సంచిలోదే తీశాను. అతుకు మీద, అతుకు అంచుల వెంట, అడ్డంగా, నిలువుగా జరిపాను. ముల్లు ఎక్కడా రెండు దాటలేదు. మా శిక్షణ కేంద్రం స్టోరు కోట్లలో కొన్ని ఏడు చూపించేవి.

ఎలా చేశావని అడిగితే కూర్చోబెట్టి చూపించాడు. చీర అంచులు మార్పించుకునేవాళ్లు వదిలేసిన పాత ముక్కలు అతని దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. పట్టు కాలిపోయి సన్నటి వెండి రేకు మిగిలింది. "ఇది అసలుది. ఇప్పటి జరీ అయితే కరిగి ముద్దయిపోద్ది, అది పనికిరాదు," అన్నాడు. ముక్కను చింతపండు నీళ్లతో తోమి, మంచినీళ్లలో మూడుసార్లు జాడించి, నీడన ఆరేస్తాడు. లామెను కుంకుడురసంలో ముంచి తీస్తాడు తప్ప పిండడు. పిండితే దారాలు విరుగుతాయి. జిగురు రాస్తే కరెంటు ఆగుతుందని అతుకును రెండు వేళ్ల వెడల్పు పాత బట్ట మీదికి ఎక్కించి, దగ్గర దగ్గరగా చేత్తో కుడతాడు. ఈ పని అతనికి నేర్పినవాళ్లు లేరు. మేనకోడలికి కొత్త కోటు కొనలేక, ఒక మీటరు దగ్గర పెట్టుకుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాడు. నాకు శిక్షణలో ఇందులో సగం కూడా చెప్పలేదు.

నేను లేచేటప్పుడు గౌరి గుమ్మంలో నిలబడి ఉంది. సూరప్పడు అన్నాడు: "మరైతే పుస్తకంలో మార్సీండి బాబూ."

చూస్తానన్నాను. మార్చలేదు. అప్పటికి జట్టు జాబితా పైకి వెళ్లిపోయింది. మారిస్తే పోటీ మళ్లీ పెట్టాలి, నేను సంజాయిషీ రాయాలి.

ఆ తర్వాత నాలుగేళ్లపాటు మా కోట్లన్నీ సూరప్పడి చేతే బాగుచేయించాను. అతను చేసినది ఒక్కటీ తనిఖీలో తిరిగి రాలేదు. పుస్తకం సంగతి అతను మళ్లీ ఎత్తలేదు. గౌరి మళ్లీ కత్తి పట్టలేదు.

మరుసటి ఏడు నుంచి రిజిస్టర్‌లో "ఓములు" అని ఒక గడి గీయించాను. అందులో అంకె వేయనిదే తిరస్కరణ రాయడానికి వీల్లేదు. కొత్త పద్ధతి అని అందరికీ చెప్పానే తప్ప ఎందుకో చెప్పలేదు. చూపు కొలత కాదన్నది నేను అరసవల్లిలో నేర్చుకున్నాను.

గౌరి పేరున్న పేజీలో ఆ గడి లేదు. ఉంటే అందులో ఉండవలసిన అంకె రెండు.