రుచిబల్ల దగ్గర నా చెయ్యి

బంగారుపాళ్యంలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పులుపునూ తీపినీ కొలవడం నా పని. ఏ మాటనైనా పరీక్షించనిదే నమ్మను. అయినా నా సంచిలోని స్టీలు గ్లాసును మాత్రం ఏనాడూ ప్రశ్నించలేదు.

ఎక్కడికెళ్లినా సొంత గ్లాసు తీసుకెళ్లడం మా నాయన నేర్పిన అలవాటు. ఊరి టీ అంగట్లో మా వీధివాళ్ల గ్లాసులను వేరుగా చూరులో పెట్టేవారు. వాటిని ముట్టడం ఇష్టంలేక ఆయన ఇంటినుంచే గ్లాసు తీసుకెళ్లేవారు. "మన గ్లాసు మన దగ్గరుంటే ఎవురూ ఏమీ అనేదానికి ఉండదు పాపా," అనేవారు.

నన్ను ల్యాబు ఇన్‌చార్జిగా ఉండమన్నప్పుడు ఆ గ్లాసు వెనకున్న భయం బయటపడింది. మా దగ్గర ప్రతి ఉదయం తొలి గుజ్జును నీళ్లలో కలిపి, ఇన్‌చార్జి స్వయంగా గ్లాసుల్లో పోసి అన్ని విభాగాలవాళ్లకూ అందించాలి. అందరూ రుచి చూశాకే సరుకు డబ్బాల్లోకి వెళుతుంది. నేనిచ్చిన గ్లాసును ఎవరైనా తీసుకోకపోతే? ఆ ఊహకే వేళ్లు వణికేవి. పదవి వద్దని చెప్పేముందు, పెద్దగా నమ్మకం లేకుండానే, తిరుపతిలో ఒక సైకాలజిస్టును కలిశాను.

"ఇదంతా నా భ్రమ అంటారా?" అని సంగతంతా చెప్పాక అడిగాను.

"ఎందుకంటాను? జరిగింది నిజమే కదమ్మా. ఇప్పుడూ ఎవురో ఒకరు తీసుకోకపోవచ్చు. అప్పుడు నీకేమైతాదో ఎప్పుడన్నా పరీక్ష చేసి సూసినావా?"

చూడలేదు. అందుకే మళ్లీ వెళ్లాను. మొదట ఆమె గదిలో, తరువాత బస్టాండు అంగట్లో, అందరూ తాగే గ్లాసులోనే టీ తాగాను. గుండె దడదడలాడేది, లేచిపోకుండా కూర్చుంటే నెమ్మదించేది. ఒక్కసారైతే యాదృచ్ఛికమని కొట్టిపారేసేదాన్ని. ప్రతిసారీ అలాగే జరిగింది.

సీజను మొదలైన ఉదయం ఇన్‌చార్జిగా రుచిబల్ల దగ్గర నిలబడి గ్లాసులు నింపి అందించాను. బాయిలరు మేస్త్రీ గటగటా తాగేసి, "ఏందక్కా, ఇంత పుల్లగా ఉండాది! సింతపండు గానీ పిసికినారా?" అన్నాడు. అందరూ నవ్వారు. స్టోరు సూపర్‌వైజరు మాత్రం గ్లాసు ముట్టలేదు.

"నాకు జలుబమ్మా," అన్నాడు.

ఏళ్ల తరబడి నేను భయపడింది ఈ క్షణానికే. ఆ జలుబు నిజమో కాదో నాకు తెలియదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు. నా చెయ్యి వణకడం లేదు.

"సరే అన్నా. రుచి సూడనోళ్లకు ఈ బల్ల కాడ మాట లేదు," అని, ఆయన వదిలేసిన గ్లాసును అందరి ముందూ ఎత్తి తాగాను. మేస్త్రీ చెప్పింది నిజమే.

"ఆపండప్పా! ఈ సరుకు డబ్బాల్లోకి పోదు."

నా మాట మీద గుజ్జు తీసే యంత్రం ఆగింది.