పొట్టి భూపాల్ కిస్తులు

ఫోన్ టింగుమన్నప్పుడల్లా భూపాల్‌కు గుండె జారేది. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో అతను టెక్నీషియన్. పొద్దున్నుంచి జనం చేతులు చాపుతూనే ఉంటారు, అతను రక్తం తీస్తూనే ఉంటాడు. చేతులకు గ్లవ్స్ ఉండగా ఫోన్ ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండనూ లేడు. సూది తీసి, దూది అదిమి, గ్లవ్స్ విప్పి చూస్తే ప్రతిసారీ ఒకే రకం కబురు. మీ పేరు మీద ఫలానా కంపెనీ అప్పుల వివరాలు అడిగింది, మీ క్రెడిట్ స్కోరు ఇంకొంచెం తగ్గింది.

ఈ కబురు చెప్పినందుకు ఫోన్‌లోని ఒక యాప్‌కు అతను నెలనెలా రెండు వందలు కడుతున్నాడు.

ఇదంతా ఇంటి లోన్‌తో మొదలైంది. భూపాల్, భార్య వనిత, రెండేళ్ల కూతురు సంహిత బజార్‌ఘాట్‌లో ఒక కింది వాటాలో కిరాయికి ఉంటున్నారు. ఆ ఇంటి గోడలకు ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరదు. పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలై ఏడాది దాటింది. పిల్లల డాక్టర్ ప్రతిసారీ మందు రాసిస్తూనే, "మందు నేను మారుస్తాను, గది మీరు మార్చాలి" అనేవాడు. వెతగ్గా వెతగ్గా మల్లేపల్లి వైపు రెండో అంతస్తులో ఒక పాత ఫ్లాటు దొరికింది. చిన్నదే, కానీ పడకగదిలోకి ఎండ వస్తుంది. యజమాని సురేందర్ బయానా తీసుకుని రెండు నెలలు గడువిచ్చాడు. ఆలోగా డబ్బు రాకపోతే వేరేవాళ్లకు అమ్ముకుంటానని ముందే చెప్పాడు.

గన్‌ఫౌండ్రీలోని బ్యాంకులో లోన్లు చూసే విద్యావతి మేడమ్ కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది.

"బండి లోన్ కిస్తులు ఆపేశారేంటి భూపాల్ గారూ?"

"బండా? నాకు సైకిల్ గూడ లేదు మేడమ్."

"క్రెడిట్ రిపోర్టులో మీ పేరు మీదే ఉంది. అది తేలేదాకా నేను ఫైలు పైకి పంపలేను."

అబిడ్స్ బస్టాపులో నిలబడి అతను లోకమంతా దొంగలే అనుకున్నాడు. తన పేరు మీద అప్పు తీసుకున్నవాడికి పాన్ కార్డు జిరాక్సు ఎక్కడ దొరికిందో అని, ఇచ్చిన చోట్లన్నీ తలచుకున్నాడు. సిమ్ కార్డుకు ఇచ్చాడు, కిరాయి కాగితాలకు ఇచ్చాడు, ఎందుకడిగారో తెలియని చోట కూడా ఇచ్చాడు. ఇంటికెళ్లే బస్సు వచ్చేలోపే ఫోన్‌లో యాప్ వేసుకున్నాడు. రాత్రింబగళ్లు మీ పేరుకు మేం కాపలా అని అందులో రాసి ఉంది.

"కాపలావానికి జీతమిస్తున్నవు సరే, దొంగొస్తే పట్టుకుంటడా?" అని అడిగింది వనిత.

"పట్టుకోడు. వచ్చిండని చెప్తడు."

"వచ్చి పోయినంక చెప్పుడా? గంత మాత్రం నేను గూడ చెప్త, నాకియ్యి ఆ రెండొందలు."

అతను నవ్వలేదు. నవ్వే ఓపిక ఎప్పుడో అయిపోయింది. రోజూ లేవగానే పిల్ల ఊపిరి వినడం, తర్వాత స్కోరు చూడడం. రెండింట్లో ఏది తగ్గినా ఆ రోజు అన్నం సహించేది కాదు.

ల్యాబ్‌కు రామచందర్ గారని ఒక రిటైర్డ్ గుమాస్తా వస్తుంటాడు. ఏ డాక్టరూ రాయకపోయినా పక్షానికోసారి షుగర్ చూపించుకుంటాడు. ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది. "రిపోర్టు మందు కాదు సార్, ఇన్నిసార్లు ఎందుకు" అని భూపాలే ఆయనకు చెప్పేవాడు. ఈమధ్య ఆయన చెయ్యి చాపితే మారుమాట లేకుండా రక్తం తీసి పంపుతున్నాడు.

యాప్ వేసుకున్న రెండో వారంలో బంగారం మీద అప్పు కోసం ఎవరో అడిగారని కబురొచ్చింది. తర్వాత వాయిదాల మీద ఫోన్. ఆ తర్వాత బోరు మోటారు. భూపాల్ సైన్సు చదివినవాడు. భయం కాస్త పక్కకు జరిగిన ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో టిఫిన్ డబ్బా ముందు కూర్చుని ఆలోచించాడు. దొంగ అయితే దొరికినంత ఒకేసారి ఎత్తుకుపోవాలి కదా. విత్తనాల కాలానికి బంగారం తాకట్టు పెట్టి, బోరు ఆగిపోతే మోటారు కోసం తిరిగే దొంగ ఉంటాడా? ఇది దొంగతనంలా లేదు, సంసారంలా ఉంది.

స్కోరు తప్ప చూడని రిపోర్టును అప్పుడు మొదటిసారి చివరిదాకా చదివాడు. బండి లోన్ దగ్గర ఉన్న చిరునామా తాండూరు పక్కన తను పుట్టిన ఊరిది.

అన్నం అలాగే ఉండిపోయింది. ఆ ఊరి బడిలో చేరేనాటికి ఎవరికీ పుట్టిన తేదీ తెలియదు. పిల్లల్ని చేయి పట్టుకుని తెచ్చిన తల్లులు "వానలు బాగ పడ్డ ఏడు సారూ" అనేవాళ్లు. హెడ్మాస్టరు విసిగిపోయి బెంచీకంతా ఒకే తేదీ రాసేశాడు. భూపాల్ పక్కన కూర్చున్నవాడూ భూపాలే. ఒకే కులం, ఒకే వాడ, ఒకే ఇంటిపేరు. తేడా తెలియడానికి పిల్లలు ఇతన్ని పొడుగోడనీ, అతన్ని పొట్టి భూపాల్ అనీ పిలిచేవాళ్లు. అప్పులు లెక్కగట్టే కంప్యూటరుకు ఎవరు పొట్టో ఎవరు పొడుగో తెలిసే దారి లేదు, ఇద్దరి లెక్కనూ ఒక్కరికే రాసేసింది.

ఊళ్లో ఉన్న తమ్ముణ్ని అడిగి అతని నంబరు తీసుకుని ఫోన్ చేశాడు.

"నేను భూపాల్‌ను."

"నేను గూడ భూపాల్‌నే. నువ్వు ఏ భూపాల్?"

"పట్నం భూపాల్‌నురా."

"ఓ, పొడుగోడా. ఏంది, ఇన్నేండ్లకు యాదికొచ్చిన?"

భూపాల్ సంగతంతా చెప్పాడు. అవతల కొంచెంసేపు నవ్వు వినిపించింది.

"అదా. పోయినేడు గీడి బ్యాంకు సారు అన్నడు, నీకు పట్నంల క్రెడిట్ కార్డుందట, మస్తు మంచిగ కడుతున్నవట అని. ఎవలో మారాజు నా పేరు మీద కడుతున్నడు, కట్టనీ అనుకున్న."

"నాకు చెప్పొద్దారా?"

"నువ్వని నాకేమెర్క? నాకు యాప్‌లు గీప్‌లు లేవు."

విద్యావతి మేడమ్ దారి చెప్పింది. తప్పు దిద్దమని రిపోర్టు ఇచ్చే సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాలి. బండికి అప్పిచ్చిన కంపెనీ ఆఫీసు అబిడ్స్‌లోనే ఉంది, ఇద్దరూ పాన్ కార్డులు పట్టుకుని వెళ్లి సంతకాలు చేస్తే పని త్వరగా తేలుతుంది. "ఫిర్యాదుకు రూపాయి ఖర్చు లేదు. అసలు రిపోర్టు కూడా ఏడాదికోసారి ఉచితంగానే ఇస్తారు" అంది. యాప్‌కు కడుతున్న సంగతి భూపాల్ ఆమెకు చెప్పలేదు.

పొట్టి భూపాల్ తాండూరు వైపు నుంచి రైల్లో వచ్చి నాంపల్లిలో దిగాడు. మనిషి నల్లబడ్డాడు, జుట్టు ముందే నెరిసింది. ఇద్దరూ స్టేషన్ బయట ఇరానీ హోటల్లో కూర్చున్నారు. చాయ్ వచ్చేదాకా ఊరి కబుర్లే. వచ్చాక పొట్టి భూపాల్ కప్పు దగ్గరికి లాక్కుని, తాగకుండా, "ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు" అన్నాడు.

"అడుగు."

"రెండు బర్రెలకు లోన్ పెట్టిన. బండి కిస్తులు ఆగినా కార్డు మంచిగ కడుతున్నవు, అయితది అన్నరు. అది నీ పుణ్యమే, నాకెర్కనే. ఇప్పుడు నన్ను నిన్ను యేరు జేస్తే నాకేముంటది, ఆగిన కిస్తులే. జర ఒక్క నెల ఆగు. బర్రెలు ఇంటికొచ్చినంక ఎన్ని సంతకాలంటె అన్ని పెడ్త."

భూపాల్ మనసులో రోజులు లెక్కేసుకున్నాడు. నెల ఆగితే సురేందర్ ఆగడు. అప్పు చేసి పాలమ్ముకుందామనుకునే మనిషిని కాదనడమూ కష్టమే. తనదే న్యాయమని తెలుసు. జేబులోంచి ఫోన్ తీశాడు. డాక్టర్‌కు వినిపించడానికి రికార్డు చేసి పెట్టుకున్నది ఒకటి ఉంది. అది నొక్కి ఫోన్ అతని చేతికిచ్చాడు.

హోటల్లో గిన్నెల చప్పుడు. పొట్టి భూపాల్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఏందిది? పిల్లి లెక్క కూస్తున్నది."

"మా బిడ్డ ఊపిరి. మేముండే ఇల్లు మొత్తం చెమ్మ."

అతను మళ్లీ ఒకసారి విన్నాడు. ఫోన్ తిరిగిచ్చి, చాయ్ సాసర్‌లోకి వంపుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

"నడువు, యాడ పెట్టాలె సంతకం."

అబిడ్స్ దాకా ఇద్దరూ నడిచే వెళ్లారు. పిల్ల ఊపిరిని ఇలా బల్ల మీద పెట్టాల్సి వచ్చిందే అని భూపాల్‌కు నడిచినంతసేపూ నోరు చేదుగా ఉంది. కంపెనీ ఆఫీసులో కుర్చీలో ఉన్నావిడ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసి, "కవలలా?" అని అడిగింది.

"బడిల పుట్టిన కవలలం మేడమ్" అన్నాడు పొట్టి భూపాల్, సంతకం చేస్తూనే.

తర్వాత మిగిలింది ఎదురుచూడడమే. ఫిర్యాదు పరిశీలనలో ఉందని యాప్ చెప్పేది. ఆ సంగతి భూపాల్‌కు తెలియనిది కాదు. గడువు దాటింది. సురేందర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లి బతిమాలాడు. అతను ముఖం చిట్లించి, ధర కొంచెం పెంచి, ఇంకో పది రోజులిచ్చాడు. ఆ పెంచినదానికి వనిత గాజులు వెళ్లాయి. చివరికి ఒకరోజు విద్యావతి మేడమే ఫోన్ చేసి, రిపోర్టు శుభ్రమైంది, ఫైలు కదిలింది అని చెప్పింది. యాప్‌లో ఆ కబురు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది, అభినందనలతో సహా.

ఆ నెల అతను యాప్‌కు డబ్బు కట్టలేదు. నిజంగా దొంగే అయి ఉంటే ఆ రెండు వందలు దండగ అనిపించేది కాదేమో అనుకున్నాడు. కానీ ఇన్నాళ్లూ ఆ యాప్ అతనికి ఇచ్చింది భయం ఒక్కటే. దిద్దింది ఒక సంతకం.

కొత్త ఇంట్లో దిగాక రెండో ఆదివారం, వనిత సామాన్లు సర్దుతుంటే అతను కిటికీ దగ్గరికెళ్లి ఊరికి ఫోన్ చేశాడు. ఈసారి పొట్టి భూపాల్ కబురు మోసుకొచ్చే యాప్ లేదు, తనే అడగాలి.

"బర్రెలేమైనయ్‌రా?"

"లోన్ కాలె. ముందుగాల బండి కిస్తులు కట్టు, అప్పుడు చూస్తం అన్నరు. నిజమే గదా, కట్టనోణ్ని నేనేనాయె. నువ్వేం ఫికర్ జెయ్యకు." అవతల ఎవరినో అదిలించి మళ్లీ అడిగాడు. "బిడ్డకెట్లుంది?"

"నయమున్నది. పన్నది."

"అయితే మెల్లగ మాట్లాడు, లేస్తది."

భూపాల్ గొంతు తగ్గించాడు. కిస్తుల్లో కొంత తను పంపుతానందామనుకున్నాడు. కానీ తన మొదటి కిస్తే వచ్చే వారం పడుతుంది, ఇంకా ఇరవై ఏళ్లు పడుతూనే ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఫోన్ చెవి నుంచి తీయకుండానే వెళ్లి, పిల్ల పడుకున్న గది తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.