సున్నం కొట్టి అప్పగించే చర్చి

యుద్ధం పుణ్యమా అని టేకు దొరకడం మానేసింది. కడపలో మా మిషన్ బడికి కప్పు వేయాలి. పత్తికొండ పక్కన ఒక పల్లెలో మాకు పాత చర్చి ఉందనీ, మావాళ్లు కరువుకు వలసపోయాక ఖాళీగా పడి ఉందనీ కాగితాల్లో కనబడింది. దాని దూలాలు కొలిచి, విప్పించి తెమ్మని నన్ను పంపారు. ఇలాంటి పనులు చక్కబెట్టడంలో నాకు నేనే సాటి అనుకునేవాణ్ణి. వస్తున్నానని ముందే ఆ ఊరికి జాబు రాశాను.

ఉదయం ఆరింటికి కడపలో ఎక్కిన రైలు పన్నెండుకు గుత్తిలో దించింది. స్టేషన్ బయట జొన్నరొట్టె తిని, ఆరణాలిచ్చి బొగ్గు బస్సు ఎక్కాను. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోశాం. పక్కన కూర్చున్న పత్తి వ్యాపారి నాకు తెలియని సంగతులు చెప్పాడు. ఆ చర్చి కట్టింది పటాలం దొరలట. వాళ్ల తర్వాత రోమను కతోలికులు, ఆ తర్వాత మేము. ఇప్పుడు దూదేకులవాళ్లు అందులో నమాజు చేసుకుంటున్నారు, వాళ్ల మసీదు వానకు కూలిపోయిందట.

"పొయ్యేటోళ్లు సున్నం కొట్టిచ్చి పోవాల, వచ్చేటోళ్లు వాళ్లకు అన్నం పెట్టాల. శానా కాలంగా అదే ఈడ రివాజు" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. కాగితాలు మావి కదా.

మూడింటికి పత్తికొండలో దిగి, గంటసేపు నడిచాను. చర్చి తెల్లగా మెరుస్తోంది. దూదేకుల పెద్ద హుసేనప్ప మోచేతుల దాకా సున్నంతో ఎదురొచ్చాడు.

"మీ జాబు అందినాక చాపలు తీసేసి సున్నం కొట్టినామప్పా. మీవాళ్లు ఎంతమంది వస్తాండారు?"

మరి మీరెక్కడ నమాజు చేస్తారని అడిగితే, మసీదు లేచేదాకా చింతచెట్టు కింద చేసుకుంటామన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

చీకటి పడకముందే కోమటి అంగడిలో బియ్యం, కందిబేడలు కొని, ఆవరణలో పొయ్యి పెట్టి వండాను. దూదేకుల పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చి తిన్నారు. రివాజు ప్రకారం చర్చి మాదైంది. మర్నాడు తెల్లవారగానే హుసేనప్పను సున్నం కుండ అడిగాను.

"నిన్ననే కొట్టినాము కదప్పా, ఇంగా ఆరనే లేదు. మళ్లా ఎందుకు?"

"ఇప్పుడు పోయేవాణ్ణి నేను" అన్నాను.

హుసేనప్ప ఇంటికి వెళ్లి, అన్నం వండమని భార్యకు చెప్పాడు.

మధ్యాహ్నం దాకా సున్నం కొట్టి, వాళ్లింట్లో భోంచేసి బయల్దేరాను. గుత్తిలో రైలెక్కి రిపోర్టు రాశాను: చర్చి ఖాళీగా లేదు, ఆ ఊరి పద్ధతిలో అప్పగించి వచ్చాను, బడికి తాటి దూలాలు వెతుకుదాం. అప్పగించే అధికారం నాకు లేదు. పెద్దలు చీవాట్లు పెడతారు, పడతాను. మిషన్ తరఫున ఇంత సరైన పని నేనెప్పుడూ చేయలేదు.