పొలంలో మిగిలిన పుస్తె

మా బావ పోయాడని ఎల్లారెడ్డి నుంచి అక్కే ఫోన్ చేసి చెప్పింది. "తమ్మీ, మీ బావ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, కప్పు కింద పెట్టకముందే పానం పోయింది." అంతకు మించి ఒక్క మాట లేదు. నేను కామారెడ్డిలో బస్సెక్కి వెళ్ళేసరికి వాకిట్లో టెంటు వేసి ఉంది. దాని కింద కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు నన్ను చూసి గొంతు తగ్గించారు. తగ్గించిన గొంతుతోనే ఒకాయన, "ఎంతైనా నిధుల మనిషి" అన్నాడు. ఆ మాట అక్కడితో పోనివ్వకూడదనే ఇది రాస్తున్నాను.

బావ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉన్న మాట నిజమే. ఒకటి పోతే ఇంకొకటి తెచ్చేవాడు, అన్నీ పాతవే. వాటితో ఆయన వెతికింది మా అక్క పుస్తెను.

చాలా ఏళ్ళ కిందట నాట్లు వేస్తుంటే అక్క మెడలో పుస్తెలతాడు తెగి బురదలో పడింది. రెండు పుస్తెల్లో ఒకటి కాళ్ళ దగ్గరే దొరికింది. రెండోది దొరకలేదు. ఆడవాళ్ళంతా నాటు ఆపి ఆ మడిని చేతులతో పిసికారు. అక్క మెడలో పసుపుకొమ్ము కట్టుకుని ఇంటికొచ్చింది. వారం తిరక్కముందే బావ కంసాలితో ఇంకో పుస్తె చేయించాడు. ఇంకెవరైనా అయితే మరిచిపోయేవారు. "చేయించింది వేరే, నేను కట్టింది వేరే" అన్నాడు బావ.

మూతపడిన ఫంక్షన్ హాలు సామాను అమ్ముతుంటే, గేటు దగ్గర కాపలావాళ్ళు మనుషుల్ని తడిమే కర్ర చవకగా వచ్చిందని తెచ్చాడు. అదే మొదటిది. దాన్ని పట్టుకుని నడుము వంచి మడంతా తిరిగాడు. ఎక్కడ పడిందో చూపించడానికి అక్క వెంట నడిచింది. ఆమె నిలబడిన చోటల్లా కర్ర మోగింది. మోగిన చోటల్లా బావ తవ్వాడు. పొద్దుగూకేటప్పటికి మడి పందులు పడ్డట్టు అయింది. అప్పుడు అక్క తన కాళ్ళకున్న వెండి కడియాల వైపు చూసుకుని, "నీ మిషిని నా కడియాలకు మొక్కుతున్నదయ్యా, ఇగ చాలు" అన్నది. ఆ తర్వాత ఎన్నేళ్ళో ఆ ఇంట్లో ఎవరు ఏది పోగొట్టుకున్నా ముందు అక్క కాళ్ళ దగ్గర చూడమనేవారు.

దాంతో బావ పాత మిషన్లు కొనడం ఒక పనిగా పెట్టుకుని నేర్చుకున్నాడు. "నిధికి తిరిగి తిరిగి దొరకనోని దగ్గర కొనాలె, బామ్మర్ది. అది ఎప్పుడు ఇల్లు ఇడిసి పోతదా అని చూస్తుంటడు" అనేవాడు. అదీ అమావాస్య పోయిన తెల్లారి అడగాలట. ఆ రాత్రి తవ్వి ఉత్త చేతులతో వచ్చినవాడు ఎంతకైనా ఇస్తాడట. నేను నమ్మాను. పాత పుస్తకాలు కొనడమే పనిగా బతికినవాణ్ణి. చదవాలన్న ఆశ పోయిన ఇంట్లోనే పుస్తకం చవకగా దొరుకుతుంది.

అమ్మేవాడు మిషన్ను గచ్చు మీద పెట్టి ఓ మేకును మోగించి చూపిస్తాడు. బావ దానికి లొంగేవాడు కాదు. సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసేవాడు. అందులో మా వాళ్ళ పొలం బురద, బురదలో అక్క చెవి కమ్మ ఒకటి. అది మోగితేనే బేరం. అక్క ఒక చెవికే కమ్మ పెట్టుకుని కనబడితే బావ బేరానికి పోయాడని వాడకట్టంతా తెలుసుకునేది.

ఒకసారి నేనూ నస్రుల్లాబాద్ వెళ్ళాను. అమ్మేవాడు మిషన్ను తెగ పొగిడాడు. "పెద్దాయనా, ఇది బంగారం తప్ప ఇంకోటి పట్టది" అన్నాడు.

"మరి నీకేం పట్టలేదేంది?" అన్నాడు బావ.

వాడు నవ్వి, ధర తగ్గించి, పైన కప్పే సంచి కూడా ఇచ్చాడు. చివరిదాకా బావ దగ్గరున్నది ఆ మిషనే.

టెంటు కింద మాట అన్న పెద్దమనిషే అప్పట్లో బావ నిధుల కోసం తవ్వుతున్నాడని పోలీసులకు చెప్పి వచ్చాడు. వాళ్ళు పిలిచి అడిగారు. బావ మడి చూపించి జరిగింది చెబితే నవ్వి పంపేశారు. ఆ మరుసటేడే ఆ పెద్దమనిషి కోడలి కమ్మ గడ్డివాములో పడింది. బావ వెళ్ళి తీసిచ్చాడు. ఎందుకు వెళ్ళావని నేను కోప్పడితే, "కమ్మ ఏం పాపం చేసింది?" అన్నాడు. నేనైతే వెళ్ళేవాణ్ణి కాదు. ఇప్పటికీ వెళ్ళను.

బావ పోయిన మూడోనాడు ఆ పెద్దమనిషే నన్ను పక్కకు పిలిచాడు. మిషన్ మూలకు పడి తుప్పు పడుతుందని, పాతదే కాబట్టి ధర చూసి చెప్పమని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి అక్క మాట వినపడింది. "అమావాస్య పోనియ్యన్నా, అప్పుడడుగు."

టెంటు కింద అందరూ విన్నారు. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన్ను అనాలని నేను కూడబెట్టుకున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి.

పదోరోజు పుస్తెలతాడు తీయడానికి ఆడవాళ్ళు వచ్చారు. అక్క ఏడవలేదు. మెడ వంచి, "తియ్యిండ్రి. ఇందుల ఆయన కట్టింది ఒక్కటే. ఇంకోటి పొలంల ఉన్నది, దాన్ని ఎవలూ తియ్యలేరు" అన్నది. వాళ్ళు తాడు తీశారు. కడియాల మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు.

మర్నాడు కామారెడ్డికి బయల్దేరుతూ చెప్పిపోదామని చూస్తే అక్క ఇంట్లో లేదు. గోడకు ఆనించిన మిషనూ లేదు. పొలానికి వెళ్ళాను. నాటుకు దున్ని నీళ్ళు కట్టిన మడిలో అక్క చీర ఎగదోపి, బావలాగే నడుము వంచి, మిషన్ను అటూ ఇటూ తిప్పుతూ నడుస్తోంది. ఒక చోట అది మోగింది. కడియాలకు మోగిందో, మరి దేనికి మోగిందో. అక్క ఆగి కిందికి చూసింది. వంగి చెయ్యి పెట్టలేదు. అరికాలితో అక్కడి బురదను మెల్లగా చదును చేసి, ముందుకు నడిచింది.