తలుపేసుకుని తినే హవల్దారు గారు

మా హవల్దారు గారికి ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగదు. యుద్ధానికి పొమ్మంటే ముందు నిలబడతారు గానీ, మెస్సులో నలుగురి మధ్య కూర్చుని తినమంటే మాత్రం ఆయన వల్ల కాదు.

పటాలంలో అందరూ మెస్సులోనే తినాలి. విడిగా తినాలంటే నెలనెలా అనుమతి తీసుకోవాలి, కారణం చూపించాలి. కొత్తగా వచ్చిన గుమాస్తాను కనుక ఆ కారణాలు రాసే ఖర్మ నాకు పట్టింది.

"ఈ నెల ఏం రాయమంటారు?"

"చెంచాల చప్పుడుకి తలనొప్పని రాయి."

"పోయిన నెల అదే రాశాం కదండీ."

"అయితే వంటవాడి మీసం చూస్తే ఆకలి చచ్చిపోతోందని రాయి."

"ఆయన మీసం తీసేశాడండీ."

"గుర్తొస్తోందని రాయి."

అనుమతి చేతికి రాగానే ఇద్దరికి సరిపడా వడ్డించుకుని, స్టోరు వెనక గదిలో దూరి గడియ పెట్టుకునేవారు. ఇస్త్రీ మడత నలగనివ్వని మనిషి, తిరిగొచ్చేసరికి చొక్కా నిండా కూర మరకలే. ఈ వయసులోనూ తినడం చేతకాలేదని మేం నవ్వుకునేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఒళ్లు మండేది. పళ్లెం మోయడానికి, తలుపుకి లోపలి వైపు కాపలా ఉండడానికి ఆయన మా ట్రక్కు డ్రైవర్ని పెట్టుకున్నారు. పోయినేడు ప్రమాదంలో అతని దవడ విరిగి అతికింది. అప్పట్నుంచి తింటుంటే నోటి పక్కనుంచి కారిపోయేది. మెస్సులో ఎవడో వెక్కిరించాడు, అంతే, అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇంకా చిక్కితే ఉద్యోగం మాన్పించి ఇంటికి పంపేస్తానని డాక్టరు చెప్పేశాడు. అలాంటివాణ్ణి పట్టుకుని తన తిండికి కాపలా పెట్టుకోవడమేమిటి?

ఇంతలో కొత్త కెప్టెన్ వచ్చాడు. "అందరూ కలిసి తింటేనే అది పటాలం" అని అనుమతి రద్దు చేశాడు.

"పోయినేటి దాకా ఈయన ఇక్కడే, అందరికంటే గట్టిగా కబుర్లు చెబుతూ తినేవాడు" అని వంటవాడు గొణిగాడు. నేను నమ్మలేదు.

హవల్దారు గారు వచ్చి సరిగ్గా కెప్టెన్ ఎదురుగా కూర్చున్నారు.

"సార్, మీరు నములుతుంటే ఎడమ చెవి కదులుతోంది."

కెప్టెన్ నమలడం ఆపేశాడు.

"ఫరవాలేదు, తినండి సార్. నేను అటు చూడనులెండి."

కానీ పూటపూటా చూశారు. వారం తిరిగేసరికి కెప్టెన్ చెవి మీద చెయ్యి పెట్టుకుని తింటున్నాడు. అక్కడ డ్రైవరు బెల్టుకి మాత్రం కొత్త రంధ్రం పడింది.

చివరికి కెప్టెన్ నన్ను పిలిచాడు. "ఆయనకి శాశ్వతంగా అనుమతి ఇచ్చెయ్యవయ్యా."

"కారణం ఏం రాయమంటారు సార్?"

"నా చెవి అని రాయి."

కబురు ముందే అందినట్టుంది, మర్నాడు మధ్యాహ్నం నేను ఆ కాగితం ఇద్దామని వెళ్లేసరికే ఆయన స్టోరు వెనక గదిలో దూరారు. గడియ సరిగ్గా పడలేదు. లోపల రెండు పళ్లేలున్నాయి. డ్రైవరు తింటున్నాడు. నోటి పక్కనుంచి కూర కారింది. వెంటనే హవల్దారు గారు తాపీగా ఒక చెంచాడు కూర తన చొక్కా మీద ఒంపుకున్నారు.

"చూశావా, నాకంటే నువ్వే నయం."

డ్రైవరు వంకరగా, హాయిగా నవ్వాడు. అతను నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆ మరకల చొక్కాని అలాగే కావలించుకోవాలనిపించింది నాకు.

హవల్దారు గారు తలెత్తారు. "ఏమిటలా చూస్తావ్? ఎవరైనా చూస్తే నాకు ముద్ద దిగదని తెలీదూ?"

"తెలుసండీ" అని తలుపు దగ్గరగా వేసి, బయట కాపలా నిలబడ్డాను.

వంటవాడు అటుగా వచ్చాడు. "లోపల ఎవరు?"

"హవల్దారు గారు తింటున్నారు."

"ఒక్కరేనా?"

"ఒక్కరే" అన్నాను. "ఇద్దరి తిండి తింటారుగా."