గుమ్మం లోపలి చెప్పులు

పోయిన వారం నందిగామ నుంచి ఫోను వచ్చింది, మేడం పోయారని. అప్పుడు నేను జగ్గయ్యపేటలో నా గదిలో, తర్వాత రావాల్సిన మనిషి కోసం ఎదురు చూస్తున్నాను. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇకమీదట చిక్కొస్తే ఎవరిని అడగాలి?

నాకు కౌన్సెలింగ్ నేర్పింది ఆవిడే. పేరు రాయను. రాస్తే ఆవిడ మెట్లెక్కిన వాళ్ళందరి గురించీ ఊళ్ళో గుసగుసలు మొదలవుతాయి.

కోర్టు వెనక వీధిలో, జిరాక్స్ షాపు పైన ఆవిడ గది. తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ వచ్చినవాళ్ళదే. లేచి వెళ్ళిపోవచ్చని వాళ్ళకు తెలియాలట. గడగడమనే టేబుల్ ఫ్యానును బాగుచేయించనిచ్చేవారు కాదు, మాటలు బయటికి పోకుండా అదే కాపలా. ఇంకో పద్ధతి కూడా ఉండేది. చెప్పులు లోపలికి తెచ్చుకోవాలి. మా ఊళ్ళలో గుమ్మం ముందు చెప్పులు చూసి లోపలున్నదెవరో చెప్పేస్తారు. అందుకే కుర్చీ కింద పేపరు పరిచి ఉంచేవారు.

ఇప్పుడు రాసేది ఒకమ్మాయి సంగతి. తనను అడిగి, రాయమన్నాకే, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను.

డిగ్రీ చదివే పిల్ల. మేడం ఎంత చెప్పినా చెప్పులతో లోపలికి రావడం మర్యాద కాదనుకుని, ఆ రోజూ బయటే వదిలింది. కూర్చుని కాసేపటికి, "బతకాలని లేదు మేడం. ఇంట్లో మాత్రం చెప్పొద్దు. నాన్నకి తెలిస్తే నన్ను బతకనివ్వడు" అంది. నేను పక్కనే కూర్చుని పని నేర్చుకుంటున్నాను.

అప్పుడే ఎవరో తలుపు కొట్టారు. మేడం బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

"మా అమ్మాయి లోపలుందాండీ?" మగ గొంతు. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా బాబాయి" అంది.

"లోపల ఎవరున్నారో నేను ఎవరికీ చెప్పనండి. రేపు మీరొచ్చి కూర్చున్నా, మీ గురించీ అంతే."

"ఆ చెప్పులు నేనే కొన్నానండీ! నాకు తెలీదా?"

తలుపు తోసుకొస్తాడేమో అనుకున్నాను. తలుపు సందులోంచి మేడం వీపు కనిపిస్తోంది, పక్కకి తప్పుకోలేదు. "ఉండండి" అని మాత్రం అని లోపలికొచ్చారు. గ్లాసులో నీళ్ళు పోస్తుంటే సగం బల్ల మీద పడ్డాయి. ఆవిడకూ భయం వేస్తుందని అప్పుడే చూశాను.

"మొదటి రోజే చెప్పా కదమ్మా, నీ ప్రాణం మీదికొస్తే మాత్రం దాచనని. ఇప్పుడు ఒకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెబితే నీకు భయం తక్కువో నువ్వే చెప్పు."

ఆ పిల్ల తలుపు వైపు చూసింది.

"బాబాయికి చెప్పండి. నాన్నకొద్దు."

మేడం ఆయన్ని లోపలికి పిలిచి, ఆ పిల్ల ఎదురుగానే చెప్పారు. ఎంత ప్రమాదమో చెప్పారు గానీ, ఎందుకో చెప్పలేదు. "కారణాలు తనకి చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది. మీరు మాత్రం ఒంటరిగా వదలొద్దు" అన్నారు. బయట కేకేసిన మనిషి టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికప్పుడే విజయవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మనం చేసింది తప్పయితే?" అని అడిగాను, బస్సు కోసం బయల్దేరుతూ.

"అవ్వొచ్చు. ఆ బాబాయి ఎలాంటివాడో నాకేం తెలుసు? భయపడు, పడుతూనే ఆలోచించు. భయం వెయ్యని రోజున ఈ పని మానెయ్."

ఇంకో మాట కూడా ఎప్పుడూ అంటుండేవారు. "బయట కనిపిస్తే మనం ముందు పలకరించకూడదు. మనం తెలిసినవాళ్ళమో కాదో వాళ్ళిష్టం."

పోయిన వారం మేడంను ఆఖరిసారి చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాకిలంతా చెప్పులే. నేను లోపల గోడవారగా కూర్చున్నాను. ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. ఆ రోజు నా చెయ్యి పట్టుకున్న పిల్ల. తనే.

"చెప్పులు బయట వదలాలమ్మా" అన్నారు మేడం ఆడపడుచు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరీ అమ్మాయి? నీకు తెలుసా?" అని అడిగారు. తెలుసనలేను, తెలియదని అబద్ధమూ ఆడలేను. అందరూ నా మొహం చూస్తున్నారు. అడుగుదామంటే మేడం ఎదురుగానే ఉన్నారు, కళ్ళు మూసుకుని.

తల వంచుకున్నాను.

ఆమె చెప్పులు బయట పెట్టొచ్చి నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, అందరికీ వినపడేలా, "మేడం దగ్గరికి వచ్చేదాన్నండి" అంది.