వేలెడు దూరంలో ఆగిన లివరు

యానాం ఏటిగట్టు మీద పాపారావు గొంతు వినపడుతోందంటే ఏదో ఒక ఇంజను తిట్లు తింటోందని అర్థం. "నీ దుంప తెగ, పొద్దున్నే ఏం మాయరోగం వచ్చిందే నీకు?" అని తిడుతూనే విప్పుతాడు, తిడుతూనే బిగిస్తాడు. ఏటికి అవతలి ఎదుర్లంక నుంచి కుర్రతనంలో వచ్చి, యానాం పక్కనే దరియాలతిప్పలో బోటు మెకానిక్కుగా స్థిరపడ్డాడు. అతని చేతికి వచ్చే బోట్లలో సగం క్రైస్తవులవి. క్రిస్మస్‌కి వాళ్ళు కేకు పంపుతారు, చవితికి అతని భార్య నాగలక్ష్మి ఉండ్రాళ్ళు పంపుతుంది. మనుషులతో పేచీ లేదు, దేవుళ్ళతో అసలే లేదు. అలాంటి నోరుగల మనిషి కిందటేడాది నుంచి ఒక్క బోటు పక్కన మాత్రం తల దించుకుని, నోరు మెదపకుండా నడిచిపోతున్నాడు. అది జోయెల్ బోటు.

జోయెల్ ఒంటరిగా, ఏరు సముద్రంలో కలిసే మొగలో వల తియ్యడానికి వెళ్ళి చనిపోయాడు. బోటు మాత్రం ఇసకమేట ఎక్కి ఆగింది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి పాపారావునే తీసుకెళ్ళారు. బోటెక్కి చూస్తే గేరు లివరు వెనక్కి లాగేసే ఉంది. లాగాడు పాపం జోయెల్. కానీ అది న్యూట్రల్‌కి వేలెడు దూరంలో పట్టేసింది. బోటు ఆగిందనుకుని అతను వల మీదికి వంగాడు. కింద నీళ్ళలో బోటుని నడిపే ఫ్యాను మెల్లగా తిరుగుతూనే ఉంది. ఫ్యాను వలని లాక్కుంది, వల మనిషిని లాక్కుంది. వేలెడంటే వేలెడు. ఆ కాస్త దూరానికి ఒక నిండు ప్రాణం పోయిందంటే పాపారావుకి ఇప్పటికీ మనసు ఒప్పదు.

ఆ రోజు విన్న ఇంజను చప్పుడు అతన్ని వదల్లేదు. రైసుమిల్లు దగ్గర నడుస్తుంటే అదే చప్పుడు. ఇంట్లో నాగలక్ష్మి గ్రైండరు వేస్తే అదే చప్పుడు. "ఆపవే దాన్ని!" అని అరుస్తాడు. పిండి సగంలో ఉందని ఆవిడ గొణుక్కుంటుంది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయాక జోయెల్ ఊరందరికీ దేవుడైపోయాడు, వెంటనే దెయ్యం కూడా అయ్యాడు. గట్టుమీద ఉన్న బోటెక్కి ఎవరు లివరు లాగినా అది ఆ వేలెడు దూరంలోనే ఆగుతుంది. అవతల నుంచి జోయెల్ పట్టుకున్నాడని జనం అన్నారు. పాపారావు వాళ్ళని వెర్రి వెధవలని తిట్టాడు. తిట్టి, ఎవరూ లేని మధ్యాహ్నం వెళ్ళి తనూ ఒకసారి లాగి చూశాడు. నిజంగానే ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టుంది. గబగబా దిగొచ్చేశాడు. మళ్ళీ ఆ బోటెక్కలేదు.

ఎక్కక తప్పని రోజు వచ్చింది. జోయెల్ తమ్ముడు శామ్యూల్ ఆ బోటు మీదే వేటకి పోతానన్నాడు. వద్దన్నా వినలేదు. మర్నాడే ప్రయాణం. జోయెల్ భార్య ఎస్తేర్‌రాణి స్వయంగా పాపారావు గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, ఆ లివరు బాగు చేసియ్యి. ఆయనెలాగూ పోయాడు. వీణ్ణి కూడా నీళ్ళకి ఇచ్చుకోలేను."

పాపారావు సామాన్లు తీసుకుని బోటెక్కాడు. ఎస్తేర్‌రాణి కూడా ఎక్కి, బల్ల మీద కూర్చుంది.

లివరు డబ్బా విప్పాడు. అది బాగానే ఉంది. లివరు నుంచి గేరుకి వెళ్ళే కేబులుని ఇంజను దగ్గర ఊడదీసి గేరు కదిపితే అదీ బాగానే ఉంది. తగులు కేబులు లోపలే. కిందికి వంగేచోట పట్టుకుని, లోపలి తీగని ప్లయరుతో లాగాడు. ముందు మొరాయించింది, తర్వాత ఒక్కసారి జారి వచ్చేసింది. తీగ నిండా ముదురు పాకంలాంటి జిగురు, ఉప్పు పట్టి గట్టిపడిపోయి ఉంది. వంపు దగ్గర మరీ గడ్డ కట్టింది. గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గ్రీజు కాదు, డీజిలు కాదు. గంధం వాసన.

ఆ వాసన గట్టుమీద అందరికీ తెలుసు. జోయెల్ వేటకి బయల్దేరే ప్రతిసారీ ఎస్తేర్‌రాణి చిన్న సీసాతో వచ్చేది. పాస్టరు గారు ప్రార్థన చేసిచ్చిన నూనె. కళ్ళు మూసుకుని, లివరు మొదట్లో పోసి, మొగుడు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించేది. పోసిందంతా కేబులులోకి దిగింది. దిగి, అక్కడే కూర్చుంది.

ఇంకో మాట కూడా గుర్తొచ్చింది. పోవడానికి కొద్ది రోజుల ముందు టీ కొట్టు దగ్గర జోయెల్ నవ్వుతూ అన్నాడు: "లివరు బిగుసుకుంటందన్నా. విప్పుదామంటే మా ఆవిడ చిన్నబుచ్చుకుంటాది. ఆనక చూద్దాంలే." అది మొగుడూ పెళ్ళాల సరసం అనుకున్నాడు పాపారావు అప్పుడు. జోయెల్‌కి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

"అయిపోయిందా అన్నయ్యా?"

తలెత్తి చూశాడు. ఆమె ఒళ్ళో అదే సీసా. రేపు వేటకెళ్ళే మరిది కోసం తెచ్చుకుంది. పాపారావుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆ ఇల్లాలు బతికుండగానే చస్తుంది. చెప్పకపోతే మళ్ళీ పోస్తుంది, ఏదో ఒకనాడు శామ్యూల్ వంతు వస్తుంది.

పాత తీగ కింద పడేసి, కొత్త కేబులు వేసి, లివరు బిగించాడు. లాగితే మెత్తగా వచ్చి న్యూట్రల్‌లో కూర్చుంది. ఎస్తేర్‌రాణి లేచి సీసా మూత తీసింది.

"లివరు మీద వద్దమ్మా," అన్నాడు పాపారావు.

ఆమె మొహం మారింది. "ఏం? ఇది ప్రార్థన చేసిన నూనె. మా దేవుడి నూనె మీ చేతి పనికి అడ్డమా?"

"అయ్యో, అంత మాటనకు తల్లీ." "తప్పు నాది. అప్పట్లో నేనే లోపల నాసిరకం గ్రీజు పెట్టాను. అది గడ్డకట్టింది. దాని మీద ఏ నూనె పడినా పట్టేత్తాది. అంతే."

ఆమె సీసాకి మళ్ళీ మూత పెట్టింది.

"నువ్వు ఇది ఎప్పుడు విప్పావన్నయ్యా? నేను విప్పనిస్తేగా. విప్పితే ప్రార్థన నూనె కారిపోద్దని ఆయన్ని కూడా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు."

ఆమె వంగి, కింద పడేసిన పాత తీగ తీసుకుంది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది. సీసా చేతిలోంచి జారి, బోటు అడుగున దొర్లింది. ఏడవలేదు. ఏడిస్తే బావుండునని పాపారావు అనుకున్నాడు.

"శామ్యూల్‌కి చెప్పు," అంది చివరికి. "నా పేరు పెట్టే చెప్పు. ఆడోళ్ళందరికీ నేనే చెప్తాను. చాలామంది ఇలాగే నూనె పోత్తన్నారు అన్నయ్యా, నన్ను చూసే మొదలెట్టారు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరైనా దాచుకుంటారు. ఆమె దాచుకోలేదు. పాపారావు చేతులెత్తి దణ్ణం పెట్టబోయాడు, ఆమె చూడలేదు. లివరు మీద చెయ్యి వేసి నిలబడింది. ముందుకి తోసింది, వెనక్కి లాగింది. ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఇన్నాళ్ళూ అక్కడ పట్టుకుని ఉన్నవాడెవడూ లేడు.

"ఒక్కటి చెప్పన్నయ్యా. ఆయనకి తెలుసా? నా నూనె వల్లే అని తెలిసి, నేను బాధపడతానని నోరు మూసుకున్నాడా?"

నదిలో ఎవరిదో ఇంజను చప్పుడు. పాపారావు ఆమె కళ్ళలోకే చూశాడు.

"తెలీదమ్మా. తెలిస్తే నాతో అనేవాడు కాదా?"

ఇందాకటి అబద్ధాన్ని చటుక్కున పట్టుకున్న మనిషి ఇప్పుడు నెమ్మదిగా తలూపింది. "అవును, నీకు చెప్పకుండా ఉండడు," అంది. అప్పుడు ఏడ్చింది, లివరు వదలకుండా. పాపారావు సామాన్లు సర్దుకోవడం మర్చిపోయి, ఆ ఏడుపు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.